మాట పడిపోవడం అంటే...

పక్షవాతం వచ్చినవారికి “మాట పడిపోయింది” అనడం మీరు వినే ఉంటారు. వైద్యులు ఇందులో వేర్వేరు లోపాలను గుర్తిస్తారు.

పదాలు తట్టకపోవడం, ఎదుటివారి మాట అర్థం కాకపోవడం భాషాలోపం. దీనిని అఫేసియా అంటారు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు చూసిన రోగి “టాన్” అనే శబ్దం తప్ప దాదాపు ఏమీ పలకలేకపోయేవాడు. ఇది చెవుడు కాదు. రోగి దగ్గర గట్టిగా అరవడం వృథా.

పదం తెలిసి కూడా నాలుక, పెదవులు సరిగా కదలక మాట ముద్దగా వస్తే అది ఉచ్చారణలోపం, అంటే డిసార్థ్రియా. చదువు వచ్చి, చేయి ఆడితే ఇటువంటివారు చెప్పదలచింది రాసి చూపగలరు. అఫేసియాలో సాధారణంగా రాత కూడా దెబ్బతింటుంది.

వీటికంటే ప్రమాదకరమైనది మింగలేకపోవడం, అంటే డిస్ఫేజియా. నీరు శ్వాసనాళంలోకి జారి న్యుమోనియా రావచ్చు; ఒక్కోసారి దగ్గు కూడా రాదు. అందుకే మింగే శక్తిని పరీక్షించేవరకు రోగి నోట్లో గుక్కెడు నీళ్లయినా పోయరాదు.