యూనివర్సిటీ ఫెయిర్‌కి వెళ్తున్నారా? టేబుల్ అవతల కూర్చున్నది ఎవరో ముందు కనుక్కోండి

నారాయణగూడలో డిగ్రీ, బీటెక్ ఫైనలియర్‌లో ఉన్నవాళ్లు, అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి రెండు మూడేళ్లు గ్రూప్స్‌కి చదివి ఇప్పుడు ఎమ్మెస్ వైపు చూస్తున్నవాళ్లు... ఇవాళ్టి ఎపిసోడ్ మీ కోసమే. చాలామంది ఒకటే చెప్తున్నారు: "అన్నా, ఫెయిర్‌కి వెళ్లొచ్చాం, సంచి నిండా బ్రోషర్లు తెచ్చుకున్నాం, ఏమీ అర్థం కాలేదు." తిరునాళ్లకి వెళ్లి బొమ్మలు కొనుక్కొచ్చినట్టు అన్నమాట.

మొదట ఒక సంగతి. ఫెయిర్లన్నీ ఒకటి కాదు. కొన్ని ప్రభుత్వాలు పెట్టేవి. అమెరికా విదేశాంగ శాఖకి ఎడ్యుకేషన్‌యూఎస్ఏ అని ఒక సలహా వ్యవస్థ ఉంది. 2024లో 8 నగరాల్లో వాళ్లు పెట్టిన ఫెయిర్లు ఆగస్టు 16న మన హైదరాబాద్‌లోనే మొదలయ్యాయి. ఎంట్రీ ఫ్రీ, ముందు రిజిస్టర్ చేసుకుంటే చాలు. రెండో రకం, కన్సల్టెన్సీలు పెట్టేవి. మీరు చేరితే యూనివర్సిటీ వాళ్లకి కమిషన్ ఇస్తుంది. అది నేరమేం కాదు. కాకపోతే కమిషన్ ఇవ్వని యూనివర్సిటీ గురించి అక్కడ మీకు ఎవరు చెప్తారు? జర్మనీలో చాలా పబ్లిక్ యూనివర్సిటీలకి ట్యూషన్ ఫీజే ఉండదు (బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి మనలాంటి వాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు). ఫీజే లేనిచోట కమిషన్ ఎక్కణ్నుంచి వస్తుంది చెప్పండి!

అందుకే కూర్చోగానే మొదటి ప్రశ్న: "సార్, మీరు యూనివర్సిటీ ఉద్యోగా, ఏజెంటా?" మొహమాటపడకండి. విజిటింగ్ కార్డు అడిగి, మెయిల్ అడ్రస్ యూనివర్సిటీ పేరుతో ఉందో, జీమెయిల్ ఉందో చూడండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మనవాళ్లకి దెబ్బలు తగిలాయి కాబట్టి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగాయి. అందులో ఉన్నవాళ్లలో చాలామంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకి జీపీఎస్ పరికరాలు కూడా కట్టారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. అది అసలు అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ. ముందు అరెస్టయిన 130 మందిలో 129 మంది ఇండియన్సే, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. విద్యార్థుల్ని చేర్పించి డబ్బు తీసుకున్న 8 మంది మీదా కేసులు పడ్డాయి. వీళ్లు ఫెయిర్‌లో చేరినవాళ్లు కాదు, అక్కడికెళ్లాక ట్రాన్స్‌ఫర్ అయినవాళ్లే ఎక్కువ. కానీ గమనించాల్సింది ఏంటంటే, దానికి వెబ్‌సైట్ ఉంది, ప్రభుత్వ లిస్టులో పేరు కూడా ఉంది. లేనివి రెండే: క్లాసులు, టీచర్లు. కాబట్టి లిస్టు చూడటం ఒక్కటే చాలదు. "ఈ కోర్సు ఫస్ట్ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు ఎవరు చెప్తారు? క్లాసులు ఏ క్యాంపస్‌లో?" అని అడగండి. చెప్పే విధానంలోనే తెలిసిపోతుంది.

దీనికి ఒక సాయంత్రం ప్రిపరేషన్ కావాలి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని మూడు యూనివర్సిటీలు, మూడే, ఎంచుకోండి. వెబ్‌సైట్‌లో దొరికేది అక్కడే చదివేయండి. ఐఈఎల్‌టీఎస్ స్కోర్ ఎంత కావాలని ఫెయిర్‌లో అడిగితే ఆ ఐదు నిమిషాలు వేస్ట్. దొరకనివి రాసుకోండి. పోయిన బ్యాచ్‌లో మన కోర్సు వాళ్లు ఎంతమందికి అసిస్టెంట్‌షిప్ వచ్చింది? వీసా రిజెక్ట్ అయితే డిపాజిట్ ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారు, ఎంత కోస్తారు? అమెరికా అయితే ఇంకోటి: "ఐ-20 మీద ఈ కోర్సుకి ఏ సీఐపీ కోడ్ పడుతుంది?" కోర్సు పేరులో డేటా, అనలిటిక్స్ అని ఎంత గొప్పగా ఉన్నా, ఆ కోడ్ స్టెమ్ లిస్టులో లేకపోతే ఒక ఏడాది ఓపీటీ తర్వాత వచ్చే అదనపు 24 నెలలు రావు. ఇది చాలామందికి అక్కడికెళ్లాకే తెలుస్తోంది, పాపం.

వెళ్లేటప్పుడు అమ్మానాన్నల్లో ఒకరిని తీసుకెళ్లండి. లోన్ పేపర్ల మీద సంతకం పెట్టేది వాళ్లే కదా. ఫెయిర్ హైటెక్ సిటీ వైపు హోటల్లో అయితే చిక్కడపల్లిలో గ్రీన్ లైన్ ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో బ్లూ లైన్‌కి మారండి. మొదటి గంటలోనే చేరండి, తర్వాత క్యూలు పెరిగి ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా దక్కవు.

మెమోల జిరాక్సులు చాలు. ఒరిజినల్స్, పాస్‌పోర్ట్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. "ఇవాళే కడితే సీటు, రేపు ఉండదు" అంటే లేచి వచ్చేయండి. అప్లికేషన్ ఫీజు మాఫీ అని చెప్తే మాత్రం మంచిదే, ఆ కోడ్, దాని ఆఖరి తేదీ రాయించుకోండి.

ఇంటికొచ్చాక బ్రోషర్లు పక్కన పెట్టి, ఎవరు ఏం చెప్పారో ఆ రాత్రే ఫోన్‌లో రాసుకోండి. మర్నాడు వాళ్లకి మెయిల్ పెట్టండి: "నిన్న డిపాజిట్ గురించి మీరు ఇలా చెప్పారు, కరెక్టేనా?" అని. నోటితో చెప్పినంత ధైర్యంగా రాతలో ఇస్తారా లేదా చూసుకుని అప్పుడు అప్లై చేయండి.