చేతితో చేసే కార్డులు, కాగితపు వస్తువులు: అప్పు తీసుకునే ముందు డ్వాక్రా సభ్యులు తెలుసుకోవాల్సినవి

ఎవరి కోసం: ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామ, పట్టణ స్వయం సహాయక సంఘాల సభ్యుల కోసం. ఇంట్లోనే గ్రీటింగ్ కార్డులు, శుభలేఖలు, చదివింపుల కవర్లు, తాంబూలం సంచులు చేస్తున్నవారు, చేయాలనుకుంటున్నవారు చదవండి. సంఘం సమావేశంలో ఒకరు పైకి చదివినా సరిపోతుంది.

ప్రతి సంఘంలోనూ చేతిపని బాగా వచ్చిన అక్క ఒకరు ఉంటారు. పేరంటానికి ఆమె చేసిన కవరు తీసుకెళ్తే "ఎక్కడ కొన్నావు?" అని అడుగుతారు. "ఇవి అమ్మితే ఎంత బాగుంటుందో" అని పక్కవాళ్లు ఉత్సాహపరుస్తారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ మొదట చేయాల్సిన పని అప్పుకు పేరు రాయించుకోవడం కాదు. ఒక్కరు వాయిదా కట్టకపోతే ఆ భారం సంఘంలో అందరి మీదా పడుతుంది. అందుకే ముందు చిన్నగా చేసి, అమ్మి, లెక్క చూసుకోవాలి. ఆ తర్వాతే అప్పు.

1. ఏ వస్తువుతో మొదలుపెట్టాలి?

వెయ్యి శుభలేఖల ఆర్డరు కోసం పోటీ పడకండి. శివకాశిలో యంత్రాల మీద అచ్చయి వచ్చే కార్డు ధరకు చేత్తో చేసిన కార్డు ఎప్పటికీ రాదు. అచ్చు వేసేవాళ్లకు వందల్లో, వేలల్లో ఆర్డరు ఉంటేనే గిట్టుబాటు. 25, 50, 100 కావాలన్నవాళ్లు మీ దగ్గరికి వస్తారు. సీమంతం, ఓణీల ఫంక్షన్, అన్నప్రాశన, షష్టిపూర్తి లాంటి చిన్న వేడుకలే మీ బజారు.

కొత్తవారికి చదివింపుల కవరు మంచి మొదలు. 500 రూపాయల నోటు పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు 6.6 సెంటీమీటర్లు. కాబట్టి కవరు 17 x 8.5 సెంటీమీటర్లు ఉంటే నోటు మడవకుండా పడుతుంది. 116, 516, 1,116 చదివించేవారి కోసం పైన రూపాయి బిళ్ల అతికించి ఇస్తే అడిగి కొంటారు.

ఇంకో అవకాశం కూడా ఉంది. 2022 జూలై 1 నుంచి ఆహ్వాన పత్రికల చుట్టూ చుట్టే ప్లాస్టిక్ పొరను, అలంకరణకు వాడే థర్మోకోల్‌ను దేశమంతటా నిషేధించారు. 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ సంచుల మీద 2022 డిసెంబర్ 31 నుంచి నిషేధం ఉంది. కార్డుకు ప్లాస్టిక్ బదులు కాగితపు పట్టీ, నూలు దారం వాడండి. తాంబూలానికి కాగితపు సంచి చేయండి. ఈ సంగతి కొనేవారికి కూడా చెప్పండి.

2. కాగితం గురించి ఇంత తెలిస్తే చాలు

కాగితం మందం జీఎస్ఎంలో చెబుతారు. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే జీఎస్ఎం. జిరాక్స్ కాగితం సాధారణంగా 70 నుంచి 80 ఉంటుంది. కార్డుకు 250 దాకా ఉంటే నిలబడుతుంది.

ఒక ఏ4 షీటును మధ్యకు కోసి, ఒక్కో ముక్కను మడిస్తే రెండు కార్డులు వస్తాయి. ఒక్కో కార్డు 14.8 x 10.5 సెంటీమీటర్లు. దానికి 16.2 x 11.4 కవరు సరిపోతుంది. 250 జీఎస్ఎం కాగితంతో చేస్తే కార్డు బరువు 8 గ్రాముల లోపే. పోస్టులో మామూలు ఉత్తరానికి 20 గ్రాముల దాకా 5 రూపాయల స్టాంపు చాలు. పూసలు, బటన్లు ఎక్కువ పెడితే బరువు దాటుతుంది, కవరూ చిరుగుతుంది.

గుడ్డకు ఉన్నట్టే కాగితానికీ ఒక వాటం ఉంటుంది. షీటును కోయకముందు నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూడండి. ఎటు సులువుగా వంగితే అటే మడత రావాలి. ఎదురు వాటంలో మడిస్తే అంచు పగిలి తెల్లగా కనిపిస్తుంది. మడిచే ముందు స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో గీత నొక్కితే మడత నీటుగా వస్తుంది.

పల్చటి కాగితానికి ఫెవికాల్ ఎక్కువ రాస్తే ముడతలు పడుతుంది. అక్కడ గ్లూ స్టిక్ గానీ డబుల్ టేపు గానీ వాడండి.

3. ధర ఎలా వేయాలి?

చాలామంది నష్టపోయేది ఇక్కడే. కింది లెక్క ఉదాహరణ మాత్రమే. మీ ఊరి ధరలు వేసుకుని చూడండి.

100 చదివింపుల కవర్లకు:
కాగితం: 300 రూపాయలు
జిగురు, లేసు, కుందన్లు: 110
రూపాయి బిళ్లలు: 100
పాడైన కాగితం: 30
బస్సు, ఆటో: 60
సామాను మొత్తం: 600
మీ కూలి, 10 గంటలు, గంటకు 40 చొప్పున: 400
అసలు ఖర్చు: 1,000. అంటే కవరుకు 10 రూపాయలు.

బిళ్ల ఖర్చు, చార్జీలు, పాడైన కాగితం చాలామంది మర్చిపోతారు. అందరూ మర్చిపోయేది తమ కూలి. "కవరు ఆరు రూపాయలకే పడింది, ఎనిమిదికి అమ్మాను, రెండు లాభం" అనుకుంటారు. నిజానికి పది గంటల పనికి మిగిలింది 200. గంటకు 20 రూపాయలు. ఇంటి పని అయ్యాక రాత్రి కూర్చుని చేసిన పనికి అది న్యాయమైన కూలి కాదు.

ఫ్యాన్సీ షాపుకు వేసే ధర, నేరుగా కొనేవారికి చెప్పే ధర వేరువేరుగా పెట్టుకోండి. షాపువాళ్లు అమ్ముడైనాకే డబ్బు ఇస్తామంటే ఎన్ని ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో పుస్తకంలో రాయించి సంతకం తీసుకోండి. పేర్లు, తేదీ వేసి చేసే ఆర్డరుకు సగం డబ్బు ముందే తీసుకోండి. ఆ కార్డు వెనక్కి వస్తే ఇంకెవరికీ అమ్మలేరు.

4. ముహూర్తాలు లేని నెలలు

ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు. శుభలేఖలూ చదివింపుల కవర్లూ అడిగేవారు ఉండరు. కానీ బ్యాంకు వాయిదాకు మూఢం లేదు. అందుకే ఏడాది మొత్తానికి పని చూసుకోండి. బడులు తెరిచే జూన్‌లో ఫైళ్లు, నోటుపుస్తకాల అట్టలు, శ్రావణంలో రాఖీ కార్డులు, వరలక్ష్మీ వ్రతం వాయనం సంచులు, దీపావళికి స్వీటు పెట్టెలు, డిసెంబర్‌లో క్రిస్మస్, కొత్త సంవత్సరం కార్డులు చేయవచ్చు. నెల వాయిదా ఎంత ఉండాలో మంచి నెల రాబడి చూసి కాదు, డల్‌గా ఉన్న నెల రాబడి చూసి నిర్ణయించుకోండి.

5. శిక్షణ, అప్పు: ఏది వర్తిస్తుంది, ఏది వర్తించదు?

శిక్షణ: బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో కాగితపు కవర్లు, ఫైళ్ల తయారీ కోర్సు ఉంది. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. తర్వాతి బ్యాచ్ ఎప్పుడో, వయసు నిబంధన ఏమిటో వీవోఏను గానీ, పట్టణంలో మెప్మా ఆర్పీని గానీ అడగండి.

సంఘం అప్పు: జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ కింద ఉన్న మహిళా సంఘాలకు బ్యాంకులు 3 లక్షల వరకు 7 శాతం వడ్డీకి ఇస్తాయి. మీకు ఎంత, దేనికి అనేది సంఘం తీర్మానంలో రాయించండి.

ముద్ర: ఒక్కరే తీసుకోవాలంటే ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 వరకు తాకట్టు లేకుండా అడగవచ్చు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్: ఆధార్‌తో ప్రభుత్వ పోర్టల్‌లో చేసుకోవచ్చు. పూర్తిగా ఉచితం.

పీఎం విశ్వకర్మ: అందులో 18 వృత్తులే ఉన్నాయి. దర్జీ, బొమ్మల తయారీ, పూలమాలలు కట్టడం ఉన్నాయి గానీ కార్డుల తయారీ లేదు. "కార్డుల పనికి విశ్వకర్మ ఇప్పిస్తాను" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

6. ఈ మోసం గుర్తుపెట్టుకోండి

"ఇంట్లో కూర్చుని కార్డులు చేయండి, అన్నీ మేమే కొంటాం, ముందు కిట్టు కోసం 5,000 కట్టండి" అని ఫోన్‌లో మెసేజ్‌లు వస్తుంటాయి. చేసి పంపాక "నాణ్యత లేదు" అని వెనక్కి పంపుతారు, లేదా ఫోనే ఎత్తరు. పని ఇచ్చేవాళ్లు మీకు డబ్బు ఇవ్వాలి గానీ మీ దగ్గర తీసుకోకూడదు. ఇప్పటికే ఆన్‌లైన్‌లో కట్టి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి. ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి.

7. ముందుగా ఈ నాలుగు పనులు చేయండి

1. చేతిలో ఉన్న డబ్బుతో 20 కవర్లు గానీ కార్డులు గానీ చేయండి.
2. సామాను ఖర్చు, పట్టిన గంటలు ఒక పుస్తకంలో రాయండి.
3. బంధువులకు కాకుండా బయటివారికి అమ్మండి. చుట్టాలు మొహమాటానికి కొంటారు.
4. రెండోసారి అడిగినవారు ఎంతమందో చూడండి.

రెండోసారి అడిగేవారు ఉండి, కూలి పోను ఇంకా మిగులుతుంటే ఆ పుస్తకం పట్టుకుని సంఘం సమావేశానికి రండి. మీ మాట కన్నా ఆ లెక్కే తోటి సభ్యులకూ, బ్యాంకుకూ ఎక్కువ ధైర్యం ఇస్తుంది. మిగలకపోతే నష్టం 20 కవర్ల కాగితంతో పోతుంది, అప్పు మాత్రం మీద పడదు.