సేంద్రియపు పొగాకు: అరుదైనది హానిలేనిదగునా?



మే మెఱిగిన యొక యింట నొక తల్లి తన కుమారుని గూర్చి దిగులుపడుచుండెను. అమెరికాలో నున్న యా చిన్నవాడు పెట్టె సిగరెట్లు మాని, సన్నగా తరిగిన పొగాకును కాగితమున తానే చుట్టుకొని కాల్చుచున్నాడట. “అమ్మా! ఇది మందులు చల్లక పండించిన సేంద్రియపు పొగాకు. అన్ని యంగళ్లలో దొరకదు. దీనివలన భయము లేదు” అని చెప్పెనట. “ఇంత వెదకి తెచ్చుకొనునది మంచిదే గదా?” అని యామె మమ్మడిగెను. ఈ ప్రశ్న పెక్కు గృహములకు సంబంధించినది గావున నిచ్చట విచారింతము.

ఆ పొగాకు అరుదనుట నిజమే. అమెరికా నిబంధనల ప్రకారము సేంద్రియమని పేరు పెట్టుటకు, కోతకు పూర్వము 3 సంవత్సరములు ఆ నేలలో నిషిద్ధమైన యెరువులు గాని మందులు గాని వాడియుండరాదు. పొగాకో, చీడలకు నిలయమైన పైరు. గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతు గృహిణుల కీ సంగతి మేము చెప్పనక్కఱలేదు. నారుమడిలో లద్దెపురుగు, చేలో పేనుబంక, వేళ్లను పట్టి సారము పీల్చు మల్లె, ఇన్నింటితో పోరాడవలెను. పూమొగ్గను తుంచినంతనే ఆకుల మొదళ్లయందు పిలకలు లేచును. ఇతరులు మందుతో నణచు పిలకలను సేంద్రియ రైతు చాలవరకు చేతితోనే గిల్లింపవలెను. కూలి హెచ్చు, ఆ యాకును కొనువారు కొలదిమంది. కావుననే యది యెల్లెడల దొరకదు, దొరికినను వెల యధికము.

మందులు చల్లకుండుట నేలకును, చేలో పనిచేయు కూలివారికిని మేలే. కాని కాల్చువానికి గలుగు కీడు ఆ మందులనుండి మాత్రమే వచ్చునదా? పొగాకు మొక్క పురుగులనుండి తన్ను తాను కాపాడుకొనుటకై నికోటిన్ అను విషమును తన వేళ్లలో తానే పుట్టించుకొని యాకులకు పంపును. మన రైతులు పొగాకు కషాయమును చల్లి పురుగులను చంపుట యందుచేతనే. ఇందొక విచిత్రము గలదు. అమెరికా సేంద్రియ నిబంధనలు పొగాకును పండింప నిచ్చును గాని, పొగాకు పొడిని పురుగుమందుగా నితర పైరులపై చల్లుటను నిషేధించినవి. వంకాయపై చల్లరాదన్న దానిని కాల్చి యూపిరితిత్తులలోనికి పీల్చుట హానిలేని దెట్లగును?

మఱియు, ఏ యాకు కాలినను తారు, కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు పుట్టక మానవు. పుట్టకురుపును గలిగించు కొన్ని పదార్థములు ఆకు నారబెట్టి పదునుచేయునపుడే యందేర్పడును. చేత చుట్టిన సిగరెట్టునకు తఱచుగా వడపోతయు నుండదు. పొగాకు వలన లోకమున ఏటా 70 లక్షలకు మించి జనులు మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. వారిలో తాము కాల్చక యితరుల పొగను పీల్చినవారే 10 లక్షలకు మించియున్నారు. ఇల్లు వదలని స్త్రీలును, బిడ్డలును అందు గలరు.

అమెరికా ప్రభుత్వ మీ విషయమున నూరకుండలేదు. “సహజమైనది”, “ఏమియు కలుపనిది” యను మాటలు వాడిన మూడు సిగరెట్టు కంపెనీలను 2015లో హెచ్చరించినది. సేంద్రియపు పొగాకనగా మేలైన సిగరెట్టని యర్థము కాదను వాక్యము అచ్చటి పొట్లములమీదనే ముద్రింపబడియున్నది.

అంత దూర మేల? శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలలో మన సోదరీమణులు కొందఱు చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచుకొని యడ్డపొగ త్రాగుచున్నారు. అది యే యంత్రశాలలోను తయారైనది కాదు. నాటు ఆకును చేత చుట్టినదే. అయినను వారి యంగిట పుట్టకురుపు బయలుదేరుటను వైద్యులు చిరకాలముగా చూచుచున్నారు.

కావున నా తల్లికి మే మిట్లు చెప్పితిమి: “అమ్మా! కుమారుని కోపింపకుడు. ఇంతకాల మతడు మేలైన పొగాకును వెదకినాడు. ఇక మానుటకు మార్గము వెదకుమనుడు. మానుటకు తోడ్పడు బంకబిళ్లలును, చర్మమున కంటించు పట్టీలును వైద్యులిత్తురు. ఉచితముగా సలహా చెప్పు టెలిఫోను సేవలు అచ్చటను గలవు, ఇచ్చటను గలవు.” సేంద్రియపు పొగాకు వలె నివి దుర్లభములు కావు.