ఓటు వేయనివారి లెక్క

హైదరాబాదు నుండి చేవెళ్లకు పోవు రహదారికి ఇరువైపుల పెద్ద మఱ్ఱిచెట్లు బారులు తీరి యున్నవి. ఆ త్రోవలో మొయినాబాదు కలదు. సురంగల్ గ్రామము ఆ మండలములోనిదే. ఈ ప్రాంతమునకు దిగువన రెండు జలాశయము లున్నవి. మూసీనదిపై 1920లో నిర్మింపబడిన ఉస్మాన్ సాగరు ఒకటి. జనులు దానిని గండిపేట చెరువందురు. ఈసీనదిపై 1927లో పూర్తియైన హిమాయత్ సాగరు రెండవది. నగరమునకు త్రాగునీరిచ్చుటకై కట్టిన ఈ చెరువులలో మురికి చేరకుండుటకు 1996 మార్చిలో ప్రభుత్వము 111వ సంఖ్య గల ఉత్తర్వును జారీచేసి, వానికి పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామములయందు పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించెను. 2022లో మరొక ఉత్తర్వు ఆ కట్టుబాట్లను సడలించెను. భూమిగల రైతునకు ఈ విషయము ఒక విధముగ తోచును. కుళాయినీరు త్రాగు నగరవాసికి మరొక విధముగ తోచును. రహదారిని వెడల్పు చేయవలెనా, మఱ్ఱిచెట్లను నిలుపవలెనా యను వివాదము సైతము ఇచ్చట పెక్కేండ్లు సాగినది. ఇట్టి ప్రశ్నలను తేల్చువారు ఎన్నికలలో గెలిచి వచ్చినవారే. కావున ఈ పల్లెలకు ఓటు దూరపు విషయము కాదు.

2023వ సంవత్సరము నవంబరు 30వ తేదీన తెలంగాణ శాసనసభకు ఎన్నికలు జరిగెను. మొయినాబాదు మండలము చేరియున్న చేవెళ్ల నియోజకవర్గములో కాలె యాదయ్యకు 76,218 ఓట్లును, ఆయన సమీప ప్రత్యర్థి పామెన భీం భరత్‌కు 75,950 ఓట్లును వచ్చినవి. తేడా 268 మాత్రమే. ఒక నడితరపు పల్లెలో ఒక వీధివారు అటో యిటో మొగ్గిన చాలును, ఫలితము తారుమారయ్యెడిది. ఆనాడు ఆ నియోజకవర్గములో ఓటుహక్కు ఉండియు పోలింగు కేంద్రమునకు పోనివారు వేలసంఖ్యలో నుండిరి. నెగ్గిన వానికిని ఓడిన వానికిని నడుమ నున్న వ్యత్యాసము కంటె ఇంట నుండిపోయిన వారి సంఖ్య ఎన్నో రెట్లు పెద్దది. వారు ఏ పక్షమువారో ఎవరికిని తెలియదు.

ఐనను ఓటు వేయనివారందరు సోమరులనుట న్యాయము కాదు. వారిలో పలు తెగలవారు కలరు.

మొదటివారు వేయగోరియు వేయలేనివారు. పని వెదకికొనుచు ఊరు విడిచిన కూలీ పేరు స్వగ్రామపు జాబితాలో నుండును. అతడు మాత్రము వంద మైళ్ల యవతల ఇటుకబట్టీయొద్ద నుండును. పోయిరాగా బస్సు చార్జీలు, రెండు దినముల కూలి నష్టమగును. పోలింగు దినమున వేతనముతో కూడిన సెలవు నీయవలెనని 1996లో ప్రజాప్రాతినిధ్య చట్టమునకు ఒక నిబంధన చేర్పబడినది. దినకూలీలకును అది వర్తించును. కాని అట్టి నిబంధన యున్నదని తెలిసిన కూలీలు ఎందరు? తెలిసినను మేస్త్రీ నడుగగల ధైర్యము ఎందరికి?

ఈ తెగలో చేర్పదగిన వృత్తాంతము మరొకటి కలదు. స్వతంత్ర భారతమున తొలి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరులో ఆరంభమై 1952 ఫిబ్రవరి నాటికి ముగిసినవి. ఓటర్లు 17 కోట్లకు పైబడినవారు. వారిలో అత్యధికులకు చదువు రాదు. అందుచే ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టెను అమర్చి, దానిపై అతని గుర్తును అంటించిరి. జాబితాలు వ్రాయుటకు ఇల్లిల్లు తిరిగిన ఉద్యోగులకు, ముఖ్యముగా ఉత్తరాది రాష్ట్రములలో, ఒక చిక్కు ఎదురయ్యెను. స్త్రీలు తమ పేరు చెప్పుటకు సమ్మతింపక, ఫలానివాని భార్యననియో, ఫలానివాని తల్లిననియో వ్రాయించిరి. పేరు లేనివారిని ఓటరుగా అంగీకరింప వీలులేదని ప్రథమ ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ నిశ్చయించెను. సుమారు 28 లక్షలమంది స్త్రీలు జాబితాల నుండి తొలగింపబడిరి. ఆయన కఠినుడని తోచవచ్చును. కాని ఓటు ఇంటి యజమానికి గాక వ్యక్తికి చెందునది గదా! పేరులేని వ్యక్తి చేతి కది చేరుటెట్లు?

రెండవ తెగవారు లెక్కలు వేయువారు. లక్షల ఓట్లలో నా ఓటొక్కటి ఏపాటిదని వారి ప్రశ్న. 1957లో ఆంథొనీ డౌన్స్ అను అమెరికా ఆర్థశాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్ననే గ్రంథరూపమున చర్చించెను. తన యొక్క ఓటు చేతనే ఫలితము మారుటకు గల అవకాశము మిక్కిలి స్వల్పమనియు, పోలింగు కేంద్రమునకు పోవుట కగు శ్రమ దానికంటె ఎక్కువ కావచ్చుననియు ఆయన చూపెను. ఈ గణితము తప్పు కాదు. 1989లో అనకాపల్లి లోకసభ స్థానమునుండి కొణతాల రామకృష్ణ 9 ఓట్ల ఆధిక్యముతో గెలిచెను. 2008లో రాజస్థానమునందలి నాథద్వార శాసనసభ స్థానములో సి.పి. జోషి ఒకే ఒక్క ఓటుతో ఓడెను. ఇట్టివి అరుదు, అరుదు గనుకనే జనులు వీనిని చెప్పుకొందురు.

కాని ఈ లెక్కలో ఒక లోపము కలదు. అది ఒక మనిషిని మాత్రమే గణించును. నా ఓటేపాటిదని ఒకడు తలచిన దినముననే అట్లే తలచువారు వేలమంది యుందురు. వారు సాధారణముగా ఒకే విధమైన జీవనము గలవారు. ఒకే పేటవారు, ఒకే వయస్సువారు. 2024 మే నెలలో జరిగిన లోకసభ ఎన్నికలలో భువనగిరియందు 76 శాతమునకు పైగా ఓట్లు పోలుకాగా, హైదరాబాదు స్థానమున 48 శాతము మాత్రమే పోలయ్యెను. 2025 డిసెంబరులో తెలంగాణమున జరిగిన పంచాయతీ ఎన్నికలలో ఎనుబది శాతమునకు మించినవారు ఓటు వేసిరి. పల్లెలో అభ్యర్థి ఎరిగినవాడు. వాని తండ్రిని, తాతను సైతము ఎరుగుదురు. బహుళ అంతస్తుల భవనములలో ప్రక్కయింటివాని పేరే తెలియదు. కారణము చదువు లేమి కాదని దీనివలన స్పష్టమగుచున్నది.

అభ్యర్థులు ఈ వ్యత్యాసమును గమనింపకపోరు. ఎవరు ఎవరికి ఓటు వేసిరో రహస్యము. కాని ఏ పోలింగు కేంద్రమున ఎన్ని ఓట్లు పోలైనవో, అవి యే అభ్యర్థి కెన్ని వచ్చినవో ఎన్నికల సంఘము ప్రకటించును. మరునాడు ఆ పట్టికను ముందిడుకొని కూర్చుండువాడు, తన్ను గెలిపించిన వాడనే గాక, తన్ను ఓడించిన వాడను సైతము లెక్కించును. ఎందుకనగా ఐదేండ్ల తరువాత ఆ వాడ అతనికి అవసరము. ఓటే వేయని వాడతో అతనికి పని యేమి? మురికికాలువ అచ్చటికి చివరకు వచ్చుటలో ఆశ్చర్యము లేదు.

మూడవ తెగవారు విసిగినవారు. ఎవరు వచ్చినను ఒకటే యని వీరి వాదము. దీనిని కొట్టివేయుట సులభము కాదు. మాట యిచ్చి మరచిన నాయకులు కొరతగా లేరు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి ఇట్టివారికొరకు ఓటింగు యంత్రముపై అభ్యర్థుల పేర్ల చివర ‘నోటా’ యను మీట ఏర్పాటైనది. లోకసభ, శాసనసభ ఎన్నికలలో దానికే అందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చినను, అభ్యర్థులలో ప్రథముడే గెలిచినట్లగును. ఐనను అసంతృప్తులెందరో అంకెలలో నిలుచును. ఇంట నుండిపోయినవాడు విసిగినవాడో, నిద్రించినవాడో ఏ పట్టికయు చెప్పదు.

విసుగును మరొక విధముగ చూపినవారు నల్లగొండ జిల్లాలో నుండిరి. ఆ జిల్లా భూగర్భజలములో ఫ్లోరైడు అధికము. ఆ నీరు త్రాగినవారి పండ్లు గారపట్టును, ఎముకలు వంగిపోవును. కృష్ణాజలములు కావలెనని వారు చేసిన విజ్ఞప్తులు చాలకాలము ఫలింపలేదు. 1996 లోకసభ ఎన్నికలను వారు బహిష్కరింపలేదు. వందలకొలది రైతులు నామపత్రములు దాఖలు చేసిరి. మొత్తము అభ్యర్థులు 480 మంది! ఓటుపత్రము కాగితముగా నుండక పుస్తకమయ్యెను. పోలింగును వాయిదా వేయవలసి వచ్చెను. నల్లగొండ నీటిగోడు దేశమంతట వినవచ్చెను. ఆ యేడే పార్లమెంటు లోకసభ అభ్యర్థుల ధరావతును 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచెను. రైతుల యెత్తుగడ రాజధానిలో ఎంత కలవరము కలిగించెనో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఆస్ట్రేలియాలో 1924 నుండి పార్లమెంటు ఎన్నికలలో ఓటు నిర్బంధము. తగిన కారణము లేక వేయనివారికి జుర్మానా విధింతురు. మన దేశమున అట్టి నిర్బంధము లేదు. వయఃపరిమితి మాత్రము రాజ్యాంగపు 61వ సవరణచే 1989 నుండి ఇరువదియొకటికి బదులు పదునెనిమిదేండ్లయ్యెను. పదునేడు నిండినవారు ముందుగానే ఆరవ నమూనా పత్రముతో దరఖాస్తు పెట్టుకొనవచ్చును. పూర్వము జనవరి 1వ తేదీ నాటికి వయస్సు నిండనిచో ఏడాది వేచియుండవలసి వచ్చెడిది. 2022 నుండి ఏప్రిలు, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలు సైతము పరిగణింపబడుచున్నవి. ఊరు మారినవారు ఎనిమిదవ నమూనా పత్రమును నింపి క్రొత్త చిరునామాకు తమ పేరును మార్పించుకొనవచ్చును. ఇటుకబట్టీ కూలీకి ముందుగా తెలియవలసినది ఈ పత్రమును గూర్చియే.