కారు వెనక ఇల్లు... పక్క ఎక్కడ?

రాత్రి రెండు గంటలు. బయట కటిక చీకటి, చుట్టూ పైన్ చెట్లు. లోపల ఆరుగురు నిద్రపోతున్నారు. తాతగారికి మెలకువ వచ్చింది. బాత్‌రూమ్‌కి వెళ్లాలి. ఆయన పడుకున్నది గోడ పక్కన. ఇవతల బామ్మ. ఆవిణ్ని లేపకుండా దిగే దారి లేదు. ఎలాగో దిగితే సోఫా మీద మనవడు, భోజనాల బల్లను దించి వేసిన పక్కమీద మనవరాలు... అందర్నీ దాటుకుంటూ ఆ చివరికి వెళ్తే అక్కడుంది బాత్‌రూమ్. ఆయన తిరిగొచ్చేసరికి ఇంటిల్లిపాదీ లేచి కూర్చున్నారు!

పగటిపూట షోరూమ్‌లో చూసినప్పుడు ఇదే ఇల్లు ఎంత ముద్దొచ్చిందో.

అమెరికాలో దీన్ని ట్రావెల్ ట్రెయిలర్ అంటారు. ఇంజిన్ ఉండదు. కారుకో, పికప్ ట్రక్కుకో తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు. మంచం, వంటిల్లు, బాత్‌రూమ్, కూర్చోడానికి ఓ గది... అన్నీ అందులోనే. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ వీటిమీద మనసు పారేసుకుంటున్నవాళ్లున్నారు. వేసవిలో ఊరినుంచి అమ్మానాన్నా వస్తే ఎల్లోస్టోన్ చూపించాలి, హోటల్ తిండి వాళ్లకి పడదు... ఇంకేం, ఇల్లే వెంట తీసుకెళ్తే పోలా? ఆలోచన బాగుంది. కానీ కొన్నాక పదేళ్లూ పదిహేనేళ్లూ వాయిదాలు కట్టడం అక్కడ మామూలే. పక్క కుదరని ట్రెయిలర్ ఒకట్రెండు ప్రయాణాల తర్వాత పెరట్లో టార్పాలిన్ కప్పుకుని నిలబడిపోతుంది. వాయిదా మాత్రం ఆగదు.

నిజానికి ఈ జాగా తగాదా ట్రెయిలర్ పుట్టినప్పట్నుంచీ ఉన్నదే. డెట్రాయిట్‌కు చెందిన బాక్టీరియా శాస్త్రవేత్త ఆర్థర్ షెర్మన్ కుటుంబంతో విహారానికెళ్లి, గుడారపు ట్రెయిలర్‌ను విప్పేలోపే వానలో తడిసి ముద్దయ్యాడు. దాంతో 1929లో గట్టి గోడలతో సొంతంగా ఒకటి కట్టించాడు. వెడల్పు ఆరడుగులు, పొడవు తొమ్మిది. మధ్యలో సన్నటి దారి, అటూ ఇటూ అరలూ సామానూ. 'కవర్డ్ వ్యాగన్' పేరుతో అదో పెద్ద వ్యాపారమే అయింది. 1936లో ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ తెచ్చిన 'క్లిప్పర్'లో నలుగురు పడుకోవచ్చు. పగలు కూర్చునే చోటే రాత్రి పక్క! ఇంత కాలమైనా కిటుకు అదే. రోడ్డు మీద ఎనిమిదిన్నర అడుగుల కన్నా వెడల్పు ఉండకూడదన్నది నిబంధన కాబట్టి గోడల మందం పోను లోపల మిగిలేది సుమారు ఎనిమిదడుగులు. ఏ వేషం వేసినా అందులోనే వెయ్యాలి.

'ఎనిమిది మంది' ఎవరెవరు?

కంపెనీ కాగితంలో 'ఎనిమిది మంది పడుకోవచ్చు' అని రాసి ఉంటుంది. ఆ లెక్కలో సోఫా, భోజనాల బల్ల కూడా ఉంటాయి. రోజూ రాత్రి బల్ల దించి, దిండ్లు పరిచి, దుప్పట్లు వెయ్యాలి. పొద్దున్నే అవన్నీ తీస్తేగానీ కాఫీ కప్పు పెట్టుకునే చోటుండదు. రెండ్రోజులు సరదా. మూడోరోజు ఎవరు తియ్యాలన్నదానిమీద గొడవ. అందుకే విప్పి వెయ్యాల్సిన పక్కల్ని పక్కనపెట్టి, ఎప్పుడూ సిద్ధంగా ఉండే పక్కలెన్నో లెక్కపెట్టుకోవాలి. ఇంట్లో మనుషుల సంఖ్యకు అది సరిపోతే మంచిది.

ఇక పెద్ద మంచం. అమెరికా ఇళ్లలో క్వీన్ సైజు పరుపు అంటే 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. చాలా ట్రెయిలర్లలో ఉండేది పొట్టి క్వీన్, పొడవు 75 అంగుళాలో ఇంకా తక్కువో. అయిదంగుళాలేగా అనిపిస్తుంది. ఆరడుగుల అల్లుడు పడుకుంటే తెలుస్తుంది!

దానికన్నా ముఖ్యం మంచం వేసిన తీరు. పొడవు కలిసొస్తుందని కొన్నిట్లో మంచాన్ని అడ్డంగా, మూడు వైపులా గోడలకు ఆనించి వేస్తారు. తాతగారి కష్టం అక్కడిదే. తలవైపు మాత్రమే గోడ ఉండి, రెండు పక్కలా దిగే సందున్న మంచమైతే ఎవరి దారి వారిదే. దుప్పటి మార్చడమూ తేలికే. పెద్దవాళ్లు ఉన్న ఇంటికి ఈ ఒక్కటీ వదులుకోకూడని సౌకర్యం.

బాత్‌రూమ్ ఎక్కడుందన్నది తర్వాతి ప్రశ్న. వెనక చివర పెడితే అది కాస్త విశాలంగా ఉంటుంది, కానీ ముందు పడుకున్నవాళ్లు హాలంతా దాటాలి. ముందు పడకగది పక్కనే ఉంటే పెద్దవాళ్లకు సుఖం. పిల్లల బంకుబెడ్లు వెనక ఉన్న నమూనాల్లో బాత్‌రూమ్ కూడా వెనకే ఉండటం కద్దు. ఆ ఇంట్లో రాత్రి లేచేది పిల్లలా, పెద్దలా... కొనేవాళ్లకే తెలియాలి.

కూర్చుంటే ఎంత, మూస్తే ఎంత

వాన పట్టిందంటే అందరూ లోపలే. అప్పుడు కావాల్సింది హాలు. దానికోసం కనిపెట్టిందే స్లయిడవుట్. ట్రెయిలర్ ఆపాక మీట నొక్కితే సోఫా, బల్లతో సహా గోడలో కొంత భాగం బయటికి జరుగుతుంది. ఒక్కసారిగా గది రెండు మూడు అడుగులు పెరుగుతుంది. షోరూమ్‌లో వీటిని తెరిచే ఉంచుతారు. లోపలికెళ్లగానే 'అబ్బో' అనిపించేది అందుకే.

తెలివైన పని ఏమిటంటే, అమ్మేవాణ్ని దాన్ని మూసి చూపించమనడం. మూశాక ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుందా? బాత్‌రూమ్‌లోకి మనిషి పడతాడా? దారిలో ఓ పావుగంట ఆగినప్పుడు పెరుగన్నం డబ్బా తీసుకోవాలన్నా, చిన్నపిల్లకి అవసరం వచ్చినా అదే గతి. ప్రయాణంలో పెద్దవాళ్లు ట్రెయిలర్‌లో నడుం వాల్చి వస్తారులే అనుకోవడానికీ లేదు. చాలా రాష్ట్రాల్లో కదులుతున్న ట్రావెల్ ట్రెయిలర్‌లో మనుషులు ఉండకూడదు.

ఇద్దరే ఉంటే మర్ఫీ బెడ్ ఉన్నవి చూడొచ్చు. పగలు సోఫా, రాత్రి గోడలోంచి వాలే మంచం. జాగా బోలెడు మిగులుతుంది. అయితే ఒకరు తొమ్మిదికే పడుకుని, రెండోవారు పన్నెండు దాకా టీవీ చూసే దంపతులకు ఇది పొసగదు. వాళ్లకి మధ్యలో తెర ఉంటే చాలదు, తలుపు కావాలి.

తాలింపు సంగతి చెప్పనేలేదు! వంటిల్లూ పడకా ఒకే పెట్టెలో ఉన్నప్పుడు ఎండుమిర్చి ఘాటు పరుపుదాకా వెళ్తుంది. పొగ బయటికి తోసే ఫ్యాన్ గట్టిదై ఉండాలి. కొన్ని నమూనాల్లో బయటివైపు కూడా ఓ చిన్న వంటిల్లు ఉంటుంది. మన వంటకు అది వరమే. ఎలుగుబంట్లు తిరిగే చోట మాత్రం వండిన వెంటనే గిన్నెలూ గరిటెలూ లోపల పెట్టెయ్యాలి.

ఇన్ని కుదిరినా చివరి మాట కారుదే. టొయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ లాంటి మినీవ్యాన్లు లాగగలిగేది 3,500 పౌండ్లు, అంటే సుమారు 1,590 కిలోలు. బంకుబెడ్లూ స్లయిడవుటూ ఉన్న ముప్ఫై అడుగుల ట్రెయిలర్ ఖాళీగానే అంతకు మించి తూగుతుంది. ఆపైన సామాను. యాభై గ్యాలన్ల ట్యాంకు నింపితే నీళ్లే 190 కిలోలు. ట్రెయిలర్ బరువులో పదో వంతు పైగా కారు వెనక కొక్కెం మీదే పడుతుంది. కాబట్టి ఖాళీ బరువు చూసి మురిసిపోకుండా, నిండా సర్దాక ఎంత ఉండొచ్చో తెలిపే అంకె చూడాలి.

తేలిగ్గా ఉంటాయని కొందరు హైబ్రిడ్ రకం కొంటారు. వాటిలో మంచాలు రెండు చివర్లా బయటికి తెరుచుకుంటాయి, గోడల బదులు కాన్వాస్ గుడ్డ. గాలీ వెలుతురూ బ్రహ్మాండం. కానీ ఎల్లోస్టోన్‌లో నీళ్లు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉన్న ఏకైక విడిది ఫిషింగ్ బ్రిడ్జిలో వీటిని రానివ్వరు. అది ఎలుగుబంట్ల తావు, గట్టి గోడలుంటేనే చోటు.

కొనేముందు ఒక శని, ఆదివారాలు అలాంటిదే అద్దెకు తీసుకుని ఇంటిల్లిపాదీ పడుకుని చూడటం మేలు. అదీ కుదరకపోతే షోరూమ్‌లోనే చెప్పులు విప్పి మంచమెక్కి పక్కకు దొర్లాలి, బాత్‌రూమ్ తలుపు వేసుకుని మోకాళ్లు తగులుతాయేమో చూడాలి. ఎవరేమనుకుంటారోనని మొహమాటపడితే నష్టం కొనేవాళ్లకే.

మొంటానాలోని గ్లేసియర్ పార్కులో 'గోయింగ్ టు ద సన్' రోడ్డుంది. దాని కొండ భాగంలోకి 21 అడుగులు దాటిన బండిని, వెనక ట్రెయిలర్‌తో కలిపినా సరే, అనుమతించరు. ట్రెయిలర్‌ను విడిదిలో విప్పి, కారులోనే పైకి వెళ్లి రావాలి. ఆ మలుపులు పడని బామ్మ ఆ పూట విడిదిలోనే ఆగిపోయి హాయిగా ఓ కునుకు తియ్యొచ్చు... ఆవిడ పక్క పొద్దున్నే గోడలోకి మడిచెయ్యకుండా ఉంటే.