నెల్లూరు దాకా పోనక్కర్లేదు!

అత్తిల్లు ఉదయగిరి. పుట్టిల్లు ఆత్మకూరు. మొగుడు కొట్టి తరిమేస్తే చంటిబిడ్డతో అమ్మ దగ్గరికి వచ్చేసిందనుకోండి ఒక అమ్మాయి. ఆ పూట నుంచి ఇంట్లో ఒకటే చర్చ. "కేసేస్తే నెల్లూరు చుట్టూ తిరగాల." "కాదంట, అత్తగారి ఊళ్లోనే వెయ్యాలంట." "లాయరుకి వేలకి వేలు మనవల్ల యాడవుద్ది?" చివరికి పెద్దమనుషుల పంచాయితీ. తలొంచుకుని మళ్లీ అదే ఇంటికి!

చదువు నేర్చుకుంటూనే సారా మీద తిరగబడిన దూబగుంట ఆడవాళ్లది ఈ ప్రాంతమే. వాళ్లు మొదలుపెట్టిన పోరాటంతోనే 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. అలాంటి చోట కోర్టుల సంగతి తెలియక వెనక్కి తగ్గడమేమిటి? వరస తెలిస్తే సగం భయం పోతుంది.

నాలుగు మెట్లు

మొదటి మెట్టు దగ్గర్లోనే ఉంది. ఉదయగిరిలోనూ, ఆత్మకూరులోనూ జూనియర్ సివిల్ జడ్జి కోర్టులున్నాయి. పాతతరం వాళ్లు మున్సబు కోర్టు అంటారే, అదే. పొలం గట్టు తగాదా, బాకీ లాంటివి సివిల్. కొట్టడం, దొంగతనం లాంటివి క్రిమినల్. చిన్న పట్టణాల్లో మామూలుగా ఒకే జడ్జి మేజిస్ట్రేటుగా కూడా ఉంటారు.

రెండో మెట్టు నెల్లూరులోని జిల్లా కోర్టు. హత్య వంటి పెద్ద నేరాలను విచారించే సెషన్స్ కోర్టు ఈ స్థాయిలోదే. మూడోది హైకోర్టు. ఒకప్పుడు నెల్లూరు వాళ్లకు మద్రాసు హైకోర్టే దిక్కు. 1954లో గుంటూరు, 1956లో హైదరాబాద్, 2019 జనవరి 1 నుంచి అమరావతి. అన్నిటికీ పైన ఢిల్లీలో సుప్రీంకోర్టు.

పోలీస్ స్టేషను, తహసీల్దారు ఆఫీసు ఈ మెట్లలో లేవని గుర్తుంచుకోండి. స్టేషన్లో చేసిన రాజీ కోర్టు తీర్పు కాదు.

మీరున్న చోటే

ఇప్పుడు మన అమ్మాయి ఎక్కడికెళ్లాలి? 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం తాను ఉంటున్న చోటి మేజిస్ట్రేటుకే అర్జీ పెట్టుకోవచ్చు. తాత్కాలికంగా పుట్టింట్లో ఉంటున్నా సరే. అంటే ఆత్మకూరులోనే! రక్షణ, అత్తింట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు అడగవచ్చు. మనోవర్తి కేసు కూడా భార్య ఉంటున్న చోట వేయవచ్చు. దీన్నే 125 సెక్షన్ అనేవాళ్లు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో అది 144 అయింది. విడాకుల కేసు మాత్రం జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో నడవదు.

మరి లాయరు ఫీజు? 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారు. ఆదాయం ఎంతన్నది చూడరు. కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయసేవా కమిటీలో ఒక కాగితం రాసిస్తే చాలు. రాయడం రాకపోతే వాళ్లే రాసిపెడతారు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

ముప్పై రోజులు

కింది కోర్టులో ఓడిపోయారని కూలబడిపోవద్దు. గృహహింస కేసులో ఉత్తర్వు అందాక 30 రోజుల్లోగా సెషన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. అందుకే ఉత్తర్వు నకలు అడిగి తీసుకోండి. దాని మీద తేదీ చూసుకోండి. బీరువాలో పట్టుచీరల కింద కాదు, చేతికందే చోట పెట్టుకోండి!