సాఫల్యానికి కొలబద్ద ఏది?

పరీక్షా ఫలితాలు వెలువడిన రోజున ప్రతి పాఠశాలలోను విద్యార్థులు రెండు వర్గాలవుతారు: గట్టెక్కినవారు, తప్పినవారు. చాలా ఇళ్ళలో ఈ విభజన ఆ రోజుతో ఆగదు. పిల్లవాని జీవితమంతటికీ అదే తీర్పు అన్నట్లు పెద్దలు మాట్లాడుతారు. జీవితంలో సాఫల్యమంటే ఏమిటన్నది తత్త్వవేత్తల ప్రశ్న అని మనం అనుకొంటాం. కాని అందులో కొంత భాగం కొలతకు సంబంధించినది. కొలత విజ్ఞానశాస్త్రానికి సొంత విషయం. కొలిచేవారు మూడు సంగతులు చూసుకోవాలి: దేనిని కొలుస్తున్నాం, దేనితో కొలుస్తున్నాం, ఎప్పుడు కొలుస్తున్నాం. వీటిలో మూడవదానిని తరచు మరచిపోతాం. దాని ప్రాముఖ్యం ఎంతటిదో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనలోను, ఆయన జీవితంలోను కూడ స్పష్టంగా కనిపిస్తుంది.

తొలి లెక్కలు

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైనారు. మద్రాసు వైద్యకళాశాలలో చదివే రోజుల్లో ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురైనారు. ఎం.బి.బి.ఎస్. పట్టా రావలసిన చోట అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే వ్యాధికి బలియైనారు. ఈ వ్యాధిలో ప్రేగులు ఆహారంలోని పోషకాలను సరిగా గ్రహించలేవు; విరేచనాలతో, రక్తహీనతతో రోగి కృశించిపోతాడు.

1922లో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరి, ఆసుపత్రిలో చిన్న పనులు చేసి పొట్ట పోసుకొంటూ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకొన్నారు. అప్పటికి ఆయన వయస్సు 27 ఏళ్ళు. ఆనాడు ఎవరైనా ఆయన జీవితాన్ని లెక్కగట్టి ఉంటే ఏమని వ్రాసి ఉండేవారో మనం ఊహించుకోవచ్చు.

నీలిరంగు తెలిపిన సత్యం

హార్వర్డులో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి సుబ్బారావుగారు రక్తంలోను, శరీర ధాతువులలోను ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఒకటి రూపొందించి 1925లో ప్రకటించారు. ఫాస్ఫేటు ఉన్న ద్రావణానికి ఆమ్లాన్ని, మాలిబ్డేటును కలిపి, తగిన క్షయకరణ పదార్థం చేర్చితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువ ఉంటే రంగు అంత చిక్కగా ఉంటుంది. పరిమాణం ముందే తెలిసిన మరొక ద్రావణపు రంగుతో దీనిని పోల్చి లెక్క తేల్చవచ్చు. జీవరసాయన ప్రయోగశాలలలో ఈ పద్ధతి ఫిస్క్ - సుబ్బారావు పద్ధతిగా స్థిరపడింది.

ఈ పద్ధతిని కండరాలనుండి తీసిన ద్రవానికి ఉపయోగించినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. రంగు వెంటనే పూర్తిగా రాలేదు. చూస్తూ ఉండగా నెమ్మదిగా చిక్కబడసాగింది. మొదట చూస్తే ఒక అంకె, కొంతసేపు ఆగి చూస్తే అంతకంటె పెద్ద అంకె! పద్ధతిలో లోపమున్నదని తోసివేయడం సులభమే. కాని వారు కారణం వెదికారు. కండరంలో కొంత ఫాస్ఫేటు క్రియాటిన్ అనే పదార్థంతో కలిసి ఉన్నది. ఆమ్ల ద్రావణంలో ఆ బంధం మెల్లమెల్లగా విడిపోతూ ఉంటే, విడుదలైన ఫాస్ఫేటు రంగును పెంచుతున్నది. ఈ విధంగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. కండరం పనిచేసేటప్పుడు ఇది తరుగుతుందని, విశ్రాంతిలో తిరిగి పెరుగుతుందని వారు చూపించారు. 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని కూడ వారు కండరంనుండి వేరుచేశారు. జర్మనీలో లోమన్ కూడ అదే ఏడు దానిని కనుగొన్నాడు. జీవకణాలన్నిటిలోను శక్తి చేతులు మారేది దీని ద్వారానే.

తొందరపడి తొలి అంకెనే తుది అంకెగా వ్రాసుకొని ఉంటే ఈ సత్యం చేజారిపోయేదే గదా!

ఆలస్యంగా తేలిన ఫలం

ఇంత చేసినా హార్వర్డులో ఆయనకు శాశ్వతమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూవల్ల కలిగే రక్తహీనతకు అది మందైంది.

అదే ఫోలిక్ ఆమ్లాన్ని రక్తపు కాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చినప్పుడు మేలు కలుగలేదు సరికదా, వ్యాధి మరింత విజృంభించినట్లు సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు గమనించాడు. ఇదీ ఒక వైఫల్యమే. కాని కాన్సరు కణాల పెరుగుదలకు ఫోలిక్ ఆమ్లం తోడ్పడుతున్నదంటే, దానిని అడ్డుకొనే పదార్థం ఆ కణాలను అణచవలె గదా! సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ పదహారుమంది పిల్లలకు ఇవ్వగా, పదిమందిలో గుణం కనిపించింది. 1948 జూన్‌లో ఈ ఫలితం ప్రచురితమైంది. ఆ గుణం తాత్కాలికమే. ఆగస్టులో సుబ్బారావుగారు 53వ ఏట మరణించారు.

ఆయన చూచినది తొలి రంగు మాత్రమే. అమినోప్టెరిన్‌కు దగ్గర బంధువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. ఈ దారిలో పెరిగిన చికిత్స సక్రమంగా అందితే, పిల్లలకు తరచుగా వచ్చే రకం రక్తపు కాన్సరునుండి నేడు ఎక్కువమంది కోలుకొంటున్నారు. 1947లో ఆయన బృందం వెలువరించిన డైఇథైల్ కార్బమజీన్ బోదకాలు నివారణకు మన గ్రామాలలో ఇప్పటికీ పంచుతున్న మందు.

మనం గ్రహించవలసినది

పరీక్ష తప్పిన ప్రతివారూ సుబ్బారావులు అవుతారని దీని అర్థం కాదు. ఒక్క ఉదాహరణతో సూత్రాన్ని స్థాపించలేం. కాని ఒక సూత్రాన్ని ఖండించడానికి ఒక్క విరుద్ధమైన ఉదాహరణ చాలు. తొలి మార్కులే తుది ఫలితమన్న సూత్రం ఇక్కడ వీగిపోయింది. పట్టా, పదవి, బహుమతి ఒకనాటి రంగును మాత్రమే చూపుతాయి. మనిషి చేసిన పని ఇతరులకు ఎంతకాలం, ఎంతవరకు ఉపకరించిందన్నది నిదానంగా తేలే లెక్క.

ఏ కొలతకూ అందని ఖర్చులు కూడ ఉంటాయి. 1922లో వెళ్ళిన ఆయన తిరిగి స్వదేశానికి రాలేదు. భార్య ఇక్కడే ఉండిపోయారు. ఈ సంగతి విడిచిపెట్టి ఆయన జీవితాన్ని కేవలం విజయగాథగా చెప్పడం కూడ సరియైన లెక్క కాదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ప్రయోగశాలలో మనం అంకె ప్రక్కన తేదీ, సమయం వ్రాయమని విద్యార్థులకు నేర్పుతాం. వారి మార్కులను కూడ ఆ విధంగానే చూడాలి. అది ఆ రోజు తీసిన కొలత. తగిన అవకాశం, కాలం ఇచ్చి మళ్ళీ కొలిచే ఓపిక మనకు ఉండాలి.